అనుభవమున్న ఫ్రెషర్ కావలెను

మొన్న పేపర్లో ఒక ప్రకటన చూశాను. అకౌంటెంట్ కావలెనట. బీకాం పాసై ఉండాలి. ట్యాలీ, జీఎస్టీ, టీడీఎస్ రిటర్నులు, ఎక్సెల్ అన్నీ వచ్చి ఉండాలి. ఇంగ్లీషు మాట్లాడాలి. సొంత బండి ఉండాలి. రెండేళ్ళ అనుభవం ఉండాలి. కింద చిన్న అక్షరాల్లో, ఫ్రెషర్లు కూడా రావచ్చని దయ చూపించారు. జీతం 12,000. మా చిన్న మనవడు బీకాం కంప్యూటర్స్ పూర్తిచేసి ఇంట్లో ఉన్నాడు కాబట్టి ఈమధ్య ఇలాంటివి వెతికి మరీ చదువుతున్నాను. చదివిన రోజు వేసుకున్న బీపీ మాత్ర దండగే.

మా రోజుల్లో గుంటూరులో గుమాస్తా ఉద్యోగానికి ప్రకటన అంటూ ఉండేది కాదు. తెలిసినాయన ఎవరో ఒకరు వెంటబెట్టుకుని కొట్టుకి తీసుకెళ్ళేవాడు. 1980లో మా మేనమామ నన్ను అలాగే ఒక మిర్చి కమీషన్ కొట్టుకి తీసుకుపోయాడు. షావుకారుగారు నా బీకాం సర్టిఫికెట్ వంక చూడను కూడా చూడలేదు. "ఏదీ, ఓ కాగితం మీద పదమూడో ఎక్కం రాయి" అన్నారు. రాశాను. అంకెలు ఒకదాని కింద ఒకటి వంకర లేకుండా పడ్డాయా లేదా అని చూశారు, అంతే. "రేపు పొద్దున ఎనిమిదింటికి రా. నెలకి 250" అన్నారు. ట్యాలీ వచ్చా అని అడగడానికి అప్పటికింకా ట్యాలీ పుట్టలేదు. బెంగుళూరులో గోయెంకాలు, తండ్రీ కొడుకులు, ఆ కంపెనీ పెట్టింది 1986లో. చిట్టా, ఆవర్జా వచ్చా అని కూడా ఆయన అడగలేదు. రావని తెలుసు. వచ్చేట్టు చేసుకోవడం తన కొట్టు పని అనీ తెలుసు.

250 అంటే ఇప్పటి కుర్రాళ్ళు నవ్వుతారు. నవ్వనీండి. లెక్కల మనిషిని కాబట్టి లెక్కే చెబుతాను. ఆ ఏడాది పది గ్రాముల బంగారం 1,300 పైచిలుకు. అంటే నా మొదటి జీతం దగ్గర దగ్గర రెండు గ్రాములు. 2025లో అదే పది గ్రాములు లక్ష దాటింది. 12,000 జీతగాడికి గ్రామూ పావు కూడా రాదు. బంగారంతో కొలిస్తే ఎవడి జీతమైనా చిన్నగానే కనబడుతుందని మా అల్లుడి వాదన. సరే, బంగారం మాట వదిలేద్దాం. గుంటూరు బ్రాడీపేటలో ఇవాళ హాస్టల్లో ఒక మంచానికీ రెండు పూటల మెతుకులకీ ఎంతవుతుందో వాకబు చేసి, 12,000లో తీసేసి, మిగిలిందాంట్లో సొంత బండికి పెట్రోలు పోయించి చూడండి. మిగతా మాట తర్వాత మాట్లాడుకుందాం.

జీతం సంగతి అటుంచితే, నా కడుపుమంట అంతా నేర్పడం గురించి. కొట్లో నాకిచ్చిన మొదటి పని పట్టీలు రాయడం. రైతు మిర్చి బస్తాలు, టిక్కీలంటాం, తెస్తాడు. కాటా వేస్తారు. ఒక్కో టిక్కీ బరువు చదువుతుంటే రాసుకోవాలి. తరుగు తీసేయాలి. క్వింటా రేటుతో హెచ్చవేయాలి. వచ్చినదాంట్లోంచి కమీషను, హమాలీ, కాటా కూలి, పెట్టుబడికి షావుకారు ఇచ్చిన బాకీ, ఆ బాకీకి వడ్డీ, అన్నీ కోసి, చేతికొచ్చేది ఎంతో కింద రాయాలి. ఇదంతా రాస్తున్నంతసేపూ రైతు భుజం మీద తువ్వాలు సర్దుకుంటూ నా నెత్తిన నిలబడి ఉండేవాడు. సంతకం బదులు వేలిముద్ర వేసే మనిషి, వడ్డీ మాత్రం నోటితో పైసలతో సహా చెప్పేవాడు. "అయ్యా, పండక్కి ముందు రెండొందలు కట్టాగదా, ఆ రెండొందలకి అక్కణ్ణుంచి వడ్డీ ఆగాలి గదా" అని ఒకాయన నన్ను నిలేస్తే, కాలేజీలో మూడేళ్ళు చదివిన వడ్డీ లెక్క ఏమిటో అప్పుడు తలకెక్కింది. ఇప్పటి కుర్రాడికి ఆ రైతు కనబడడు. కనబడేది స్క్రీను మీద ఒక పేరు, ఒక అంకె.

మా పెద్ద గుమాస్తాగారని ఒకాయన ఉండేవాడు. ఉక్రోషం మనిషి. అంకె తప్పు పడిందని దానిమీద దిద్దితే స్కేలుతో వేళ్ళమీద ఒక్కటిచ్చేవాడు. తప్పు పడితే సన్నగా ఒక గీత కొట్టు, కొట్టేసిన అంకె చదవడానికి వీలుగా ఉండాలి, పైన సరైనది రాయి, పక్కన పొడి సంతకం పెట్టు. ఇదీ ఆయన శాసనం. ఆయనకి చాదస్తమని వెనకాల అనుకునేవాళ్ళం. 2023 ఏప్రిల్ ఒకటి నుంచి ఏమైందో తెలుసా? కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఏ ఎంట్రీ ఎవరు, ఎప్పుడు, ఎలా మార్చారో చెరపడానికి వీల్లేకుండా నమోదవుతూ ఉండాలని కేంద్రప్రభుత్వం నిబంధన అమల్లోకి తెచ్చింది. ఆడిట్ ట్రెయిల్ అంటున్నారు. మా పెద్ద గుమాస్తా స్కేలు అని నేనంటున్నాను.

ఇక అంకణా. ఇప్పుడు ట్రయల్ బ్యాలెన్స్ అంటే మీట నొక్కితే వచ్చేది. మాకు అది మార్చి నెలలో నిద్ర లేకుండా చేసేది. రెండు పక్కలా కూడితే ఏ 270 రూపాయలో తేడా వచ్చేది. రాత్రి పదింటికి టీ తెప్పించి, పెద్ద గుమాస్తాగారు ముందు ఆ తేడాని తొమ్మిదితో భాగించమనేవారు. నిశ్శేషంగా పోయిందా, ఎక్కడో అంకెలు అటూ ఇటూ పడ్డాయన్నమాట, 850ని 580 అని రాసుంటావు, వెతుకు. పోలేదా, తేడాలో సగం చెయ్యి, ఆ సగం మొత్తం జమా పక్క పడాల్సింది ఖర్చు పక్క పడిందేమో చూడు. అలా వెతుకుతూ వెతుకుతూ ఏడాది వ్యాపారమంతా కళ్ళముందు ఇంకోసారి తిరిగేది. ఎవరు బాకీ తీరుస్తాడు, ఎవరు సాగదీస్తాడు, ఏ నెల సరుకు ఎక్కడ ఆగింది, అన్నీ మెదడులో అచ్చుపడేవి. కంప్యూటర్లో అంకణా ఎప్పుడూ సరిపోతుంది. షావుకారు ఇంట్లో పెళ్ళి ఖర్చు కొట్టు ఖర్చుల్లో రాసినా సరిపోతుంది. సరిపోవడం వేరు, సరిగ్గా ఉండటం వేరు అని కొత్తగా చేరిన పిల్లవాడికి ఎవరో ఒకరు పక్కన కూచుని చెప్పాలి. ఆ పక్కన కూచునేవాడి కుర్చీనే ముందు తీసేశారు, జీతం దండగని.

బ్యాంకు లెక్క సరిచూడటం కూడా అంతే. నెలాఖర్న నన్ను బ్యాంకుకి తరిమేవాళ్ళు. పాసుబుక్కు రాయించుకుని, మా నగదు పుస్తకంలో ఉన్నదీ అందులో ఉన్నదీ పక్కపక్కన పెట్టి, చెల్లని చెక్కులూ ఇంకా పడని చెక్కులూ వేరుచేసి కాగితం రాయాలి. మొదటి ఏడాది గుమాస్తా చేసే పని అది. ఇప్పుడు స్టేట్‌మెంటు తనంతట తానే వచ్చి ఖాతాల్లో పడిపోయే ఏర్పాటు చేశారు. మంచిదే. కానీ బ్యాంకు కాగితం అసలుదా కాదా అని అనుమానించే బుర్ర ఎక్కడ తయారవుతుంది? మన హైదరాబాదులో సత్యం కంపెనీ సంగతి మరిచిపోయారా? 2009 జనవరి 7న దాని ఛైర్మన్ రామలింగరాజు రాసిన ఉత్తరంలో ఏముంది? పుస్తకాల్లో చూపించిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనేలేవని. అంత పెద్ద ఆడిట్ కంపెనీ, అంతమంది చదువుకున్నవాళ్ళు, నెలకి 250 గుమాస్తా చేసే పని దగ్గర బోల్తాపడ్డారు.

అన్నీ మా రోజుల్లోనే బాగున్నాయని నేననను. ఆదివారం సెలవు కాగితం మీదే. సీజన్లో రాత్రి పదకొండు దాటేది. మిర్చి ఘాటుకి తుమ్మీ తుమ్మీ ముక్కు పనిచేయడం మానేసింది. జీతం పెంచమని అడిగితే షావుకారు గోడ మీది వెంకటేశ్వరస్వామి పటం వైపు చూసేవాడు. కొట్టుకి ఆడపిల్ల లెక్కలు రాయడానికి వస్తుందని ఊహ కూడా ఎవరికీ లేదు. ఇవాళ ఆడిటర్ ఆఫీసుకెళితే సగంమంది అమ్మాయిలే, అబ్బాయిలకంటే శ్రద్ధగా పనిచేస్తున్నారు. సరే, ఆ పద్దు వాళ్ళ ఖాతాలో జమ.

మరి ఇవాళ 12,000కి చేరిన పిల్లవాడు రోజంతా చేసేదేమిటి? మా వీధిలో ఒక కుర్రాడు ఇనప కొట్లో అకౌంటెంట్. వాడి పని అడిగితే చెప్పాడు. పదకొండో తారీకులోగా అమ్మకాల రిటర్ను, జీఎస్టీఆర్ వన్. పద్నాలుగున పోర్టల్లో టూబీ అనే జాబితా వస్తుంది, దాన్ని దించి తమ కొనుగోళ్ళతో ఒక్కో బిల్లూ సరిచూడాలి. సరుకు అమ్మినవాడు రిటర్ను వేయకపోతే ఆ బిల్లు టూబీలో పడదు. పడకపోతే వీళ్ళకి ఇన్‌పుట్ క్రెడిట్ రాదు. రాకపోతే యజమాని వీడి మీద అరుస్తాడు. అందుకని వీడు రోజూ పాతికమందికి ఫోన్లు చేస్తాడు. "సార్, మా బిల్లు మీ ఆర్ వన్‌లో రాలేదండీ", "మేడం, జీఎస్టీ నంబరులో ఒక అక్షరం తప్పు పడిందండీ". ఇరవయ్యో తారీకున త్రీబీ రిటర్ను. ఆ రోజు పోర్టల్ తిరుగుతూ ఉంటుంది, వీడు చూస్తూ ఉంటాడు, ఓటీపీ యజమాని ఫోనుకి పోతుంది, యజమాని పెళ్ళిలో ఉంటాడు. మళ్ళీ పదకొండు. ఇది లెక్కలు రాయడమా, బాకీ వసూలా? అమ్మినవాడి తప్పుకి కొన్నవాడి గుమాస్తా నెలంతా ఫోన్లు పట్టుకుని తిరగడం మా అమ్మకపు పన్ను రోజుల్లో, సీ ఫారాల కోసం తిరిగిన రోజుల్లో కూడా ఇంత లేదు.

పైగా మాకు అన్ని కొట్లకీ ఒకేసారి ఏడాది ముగిసేది కాదు. దీపావళికి లెక్కలు మూసేవాళ్ళు కొందరు, ఉగాదికి కొందరు, మార్చికి కొందరు. 1989 నుంచి ఆదాయపు పన్నుకి అందరికీ మార్చి 31 అన్నారు. అప్పట్నుంచి ఆడిటర్ ఆఫీసులకి ఏడాదిలో సగం జాతరే. అయినా ఆడిటర్లని ఏమీ అనకూడదు లెండి. 1984లో చట్టంలో 44ఏబీ చేర్చి, 40 లక్షలు దాటిన వ్యాపారానికి ఆడిట్ తప్పనిసరి చేశాకే కదా మాబోటివాళ్ళకి గిరాకీ పెరిగింది! లెక్కలు సరిగ్గా ఉన్న గుమాస్తా కోసం షావుకార్లు కొట్లాడుకున్న రోజులవి. నాకు అప్పుడే రెండుసార్లు జీతం పెరిగింది, స్వామి పటం వైపు చూడకుండానే.

ఇప్పుడు ఆ గిరాకీ ఎందుకు పోయిందంటారా? సాఫ్ట్‌వేర్ వచ్చాక కొట్టుకో గుమాస్తా అక్కర్లేకుండా పోయింది. ఒక పార్ట్‌టైం కుర్రాడు సాయంత్రాలు తిరిగి పది కొట్ల లెక్కలు ఎక్కిస్తాడు, కొట్టుకి రెండు మూడు వేలు పుచ్చుకుంటాడు. వాడు బతుకుతున్నాడు, నేను కాదనను. కానీ వాడు మింగేసింది తొమ్మిదిమంది మొదటి ఉద్యోగాలు. రెండేళ్ళ అనుభవం అడిగేవాళ్ళందరూ పక్కవాడెవడో నేర్పి పంపిస్తాడని కూచున్నారు. ఆ పక్కవాడూ అదే ప్రకటన ఇచ్చి కూచున్నాడు.

నేర్పడం కొట్టు మానేసింది కాబట్టి నేర్చుకోవడానికి పిల్లలు ఎదురు కడుతున్నారు. ట్యాలీకి ఒక ఫీజు, జీఎస్టీకి ఒక ఫీజు, "ఇండస్ట్రీ రెడీ" అని ఇంకో ఫీజు. మూడు సర్టిఫికెట్లు ఫైల్లో పెట్టుకుని వెళితే, ఓచరు ఒకటి చేతికిచ్చి ఇది ఏ ఖాతాలో పడుతుందంటే నోరు తెరిచి చూస్తారు. వాళ్ళకి ఓచరు ఎప్పుడూ చూపించలేదు, ఎక్సర్‌సైజు నంబరు చూపించారు.

సీఏ చదివిస్తే సరి అంటారు మా వియ్యంకుడుగారు. గుంటూరులో పుట్టినందుకు ఈ మాట వినని రోజు లేదు. ఇంటర్‌లో ఎంఈసీ దగ్గర్నుంచే పిల్లల్ని అందులోకి తోసేస్తున్నారు. దాటినవాడికి మహారాజయోగమే, కాదనను. ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ క్యాంపస్‌లో మొదటి ప్యాకేజీలు ఏడాదికి పది లక్షల పైన పలుకుతున్నాయి. కానీ దాటేదెవరు? 2023 నవంబరు ఫైనల్‌లో రెండు గ్రూపులూ కలిపి రాసినవాళ్ళలో నూటికి పదిమంది కూడా గట్టెక్కలేదు. మిగతావాళ్ళు ఏమవుతున్నారు? సీఏ ఇంటర్ పాసై, ఆడిటర్ దగ్గర ఆర్టికల్స్ శిక్షణ చేసి, ఫైనల్ దగ్గర ఆగిపోయినవాళ్ళకి బజార్లో "సెమీ క్వాలిఫైడ్" అని ముద్ర. పని సీఏ పని, జీతం మాత్రం గుమాస్తా జీతం. ఇక ఆర్టికల్స్‌లో ఇచ్చే స్టైపెండు చూడండి. 2021లో రెట్టింపు చేశాం అని గొప్పగా ప్రకటించాక, పెద్ద నగరాల్లో మొదటి ఏడాది కనీసం నెలకి 2,000 అయింది. సిటీ బస్సు పాసుకీ టిఫినుకీ చాలదు. అసలు మా ముందు తరంలో అయితే ఆడిటర్‌కే ఎదురు డబ్బు కట్టి చేరేవాళ్ళని పెద్దలు చెప్పేవారు, దానికంటే నయమని సరిపెట్టుకోవాలి. మూడేళ్ళ ఆర్టికల్స్ 2023లో రెండేళ్ళు చేశారు. ఆకలి ఏడాది తగ్గింది, నేర్చుకునే కాలమూ ఏడాది తగ్గింది.

మా పెద్ద మనవరాలు ఆ దారి వద్దని హైదరాబాదులో అమెరికా లెక్కల కంపెనీలో చేరింది. అమెరికాలో లెక్కల చదువుకి పిల్లలు రావడం తగ్గిందట, ఉన్నవాళ్ళు రిటైరవుతున్నారట, అందుకని వాళ్ళ పన్ను రిటర్నులు మన గచ్చిబౌలిలో తయారవుతున్నాయి. జనవరి నుంచి ఏప్రిల్ 15 దాకా దానికి పగలూ రాత్రీ తేడా లేదు. ఎవరో టెక్సాసు పళ్ళడాక్టరు ఆదాయం దానికి కంఠతా వచ్చు, సొంత బాబాయి ఇంకంటాక్సు ఎంత కడుతున్నాడో తెలియదు. చేరేటప్పుడు ఆఫర్ లెటరు తెచ్చి, "తాతయ్యా, ఏడాదికి 3 లక్షల 60 వేలు, అంటే నెలకి 30 వేలు" అంది. కళ్ళజోడు పెట్టుకుని కూచున్నాను.

అందులో 36,000 వేరియబుల్. వాళ్ళకి బుద్ధి పుడితే ఇస్తారు. కంపెనీ వాటా పీఎఫ్ 21,600, అది కూడా జీతంలోనే కలిపారు. గ్రాట్యుటీ 8,658, అయిదేళ్ళు అక్కడే ఉంటేగాని రాదు, ఇవాళారేపు అయిదేళ్ళు ఎవరుంటారు? ఆరోగ్య బీమా 6,000. ఇవన్నీ పోను పన్నెండుతో భాగిస్తే 23,978. అందులో దాని వాటా పీఎఫ్ 1,800, వృత్తిపన్ను 200. చేతికి 21,978. "అమ్మా, నీ ముప్పై వేలు ఇరవై రెండు వేలకి కూడా ఇరవై రెండు రూపాయలు తక్కువ" అన్నాను. కామర్స్ చదివిన పిల్ల, తన జీతం పట్టీ తాను కోసుకోలేకపోయింది. మా రోజుల్లో వేలిముద్ర రైతు నయం.

ఇంత గొణిగాక ఊరికే కూచోలేక, నిన్న మా పాత కొట్టుకి వెళ్ళాను. షావుకారుగారు పోయారు, వాళ్ళబ్బాయి చూసుకుంటున్నాడు. మిర్చి యార్డులో సొంత కొట్టు, కోల్డ్ స్టోరేజీలో వాటా, మేడ మీద ఏసీ గది. "రండి బాబాయ్" అని మర్యాదగానే కూచోబెట్టాడు. మా చిన్న మనవణ్ణి పెట్టుకో అని చెప్పాను. వెంటనే కంప్యూటర్ ముందు కూచోబెట్టొద్దు, ఈ సీజన్ అంతా కాటా దగ్గర నిలబెట్టి పట్టీలు చేత్తో రాయించు, తర్వాత నీ ఇష్టం, జీతం మాత్రం 18,000 ఇవ్వు అన్నాను.

"18,000 ఇచ్చి, నేర్పించి, తీరా నేర్చుకున్నాక హైదరాబాదు పోతాడు గదా బాబాయ్" అన్నాడు.

"పోతే పోతాడు. మీ నాన్న దగ్గర నేర్చుకుని ఎంతమంది పోలేదు? ఒకడు పక్క బజార్లోనే సొంత కొట్టు పెట్టాడు. మీ నాన్నేమన్నా నేర్పడం మానేశాడా?"

"అప్పుడు మార్జిన్లు వేరు."

"అప్పుడు మీ నాన్న సైకిల్ మీద వచ్చేవాడు. నీ కారు ఏ ఖాతాలో రాశావో చెప్పు, మార్జిన్ సంగతి నేను చెబుతాను."

నవ్వి, కాఫీ తెప్పించి, ఆలోచిస్తానన్నాడు. వ్యాపారస్తుడు ఆలోచిస్తానన్నాడంటే ఏమిటో నలభై ఏళ్ళుగా చూస్తున్నదే. నేనూ తొందరపడలేదు. కాఫీ తాగి లేచి వచ్చేశాను. మార్చి రెండో వారంలో మళ్ళీ వెళతాను. అప్పటికి యార్డులోకి టిక్కీలు పోటెత్తుతాయి, ఏడాది లెక్కలు నెత్తిమీదికొస్తాయి, ఆ పార్ట్‌టైం కుర్రాడు పది కొట్ల మధ్య ఫోనెత్తడు. 20,000 అడుగుతాను.